నీళ్ళు మారినాయి సామీ: టీ పిచ్చి ఎలా ముదురుతుంది

తిరుపతిలో మా వీధి చివర టీ అంగడి తెల్లవారుజామున నాలుగింటికే తెరుస్తారు. అలిపిరి మెట్లదారి పట్టే భక్తులు, రాత్రంతా తిరిగిన ఆటోవాళ్ళు, పాలవ్యాన్ల వాళ్ళు, నాలాంటి నిద్రపట్టని వాళ్ళు అక్కడ చేరతారు. పోయిన ఎండాకాలం ఒకరోజు టీ ఎందుకో తేడాగా అనిపించింది. రంగు మామూలు కంటే నల్లగా ఉంది, నోట్లో మాత్రం మొద్దుగా, చప్పగా ఉంది. చుట్టూ పదిమంది ఉన్నారు, అందరూ తాగేసి గ్లాసులు పెట్టి ఎవరి దారిన వాళ్ళు పోయారు. "అన్నా, పొడి మార్చినావా?" అని అడిగాను. ఆయన గుడ్డలోంచి డికాషన్ పిండుతూ, తల కూడా ఎత్తకుండా, "పొడి అదే సామీ, నీళ్ళు మారినాయి. కుళాయి రాలా, బోరునీళ్ళు పట్టినా" అన్నాడు.

ఆ పదిమందిలో నాకంటే ఎక్కువ టీ తాగేవాళ్ళు కనీసం ఐదారుగురు ఉంటారు. రోజుకు పది గ్లాసులు లాగించే ఆటో అన్న కూడా ఉన్నాడు. నాదేమీ పుట్టుకతో వచ్చిన గొప్ప నాలుక కాదు, రెండు మూడేళ్ళ క్రితం నాకూ ఆ తేడా తెలిసేది కాదు, ఏ పొడి వేసినా వేడిగా తియ్యగా ఉంటే చాలు. మరి మధ్యలో ఏం జరిగింది? పది గ్లాసులు తాగినా రాని పట్టింపు ఒకరికి రెండు గ్లాసులతోనే ఎందుకు వస్తుంది? దీన్ని కాస్త విడదీసి చూద్దాం, ఎందుకంటే ఇందులో మూడు నాలుగు వేర్వేరు సంగతులు ఒకే గ్లాసులో కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది అలవాటు. "టీ పడకపోతే తల పనిచేయదు" అనేవాడిని మనం పెద్ద టీ ప్రియుడు అంటాం కానీ అక్కడ మాట్లాడుతున్నది కెఫీన్. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ మగత తెస్తుంది. కెఫీన్ వచ్చి ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన చోట్లలో ముందే కూర్చుంటుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు, సీట్లు పెంచుకుంటుంది. ఇక కర్చీఫ్ వేయని రోజు అడినోసిన్ మొత్తం ఒక్కసారిగా ఎక్కి కూర్చుంటుంది: తలనొప్పి, ఆవులింతలు, ఇంట్లో వాళ్ళ మీద చిరాకు. ఆఖరి టీ తాగిన పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపల ఈ తలనొప్పి మొదలవుతుంది. ఒక వైకుంఠ ఏకాదశి రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా ఉపవాసం ఉన్నాను. మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. ఆకలి వల్ల అనుకున్నా, అమ్మ కూడా పైత్యం అంది. మర్నాడు పొద్దున అన్నం ముట్టకముందే, ఒక గ్లాసు టీ కడుపులో పడిన అరగంటకు నొప్పి మాయమైపోయింది. అప్పుడు అర్థమైంది ఆ రోజు నన్ను ఏడిపించింది ఆకలి కాదని.

కాబట్టి రోజుకు ఎన్ని గ్లాసులు అనేది లెక్కలోకి రాదు. అలవాటు ఎంత ముదిరినా దానంతట అది రుచి నేర్పదు, నిజానికి అడ్డం కూడా పడుతుంది, తలనొప్పి పోగొట్టుకోవడానికి తాగేవాడికి గ్లాసులో ఏముందో చూసే ఓపిక ఎక్కడిది?

రెండో సంగతి వగరు. నా దృష్టిలో ఈ కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఉగాది పచ్చడి తిన్న ప్రతి ఒక్కరికీ తీపి, పులుపు, కారం, ఉప్పు, చేదు, వగరు అని ఆరూ నోటికి వస్తాయి. కానీ చేదుకీ వగరుకీ తేడా చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. చేదు నాలుక మీది రుచిమొగ్గలు పట్టుకునే రుచి. వగరు దాదాపు స్పర్శ లాంటిది. తేయాకులోని పాలీఫినాల్స్, అంటే మనం మామూలుగా టానిన్లు అనేవి, లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుంటాయి, దాంతో నోట్లో ఉండే జారుడు పోయి నాలుక గరుకుగా, అంగిలి పట్టేసినట్టుగా అవుతుంది. మామిడి పిందె కొరికినప్పుడు, నేరేడుపండ్లు గుప్పెడు తిన్నాక, వక్క నమిలినప్పుడు అయ్యేది ఇదే. చిత్తూరు జిల్లాలో తోతాపురి తోటల పక్కన పెరిగినవాడికి వగరు గురించి క్లాసు అక్కర్లేదు. టీలో మాత్రం అది మనకు పరిచయం లేదు, ఎందుకంటే మనం టీని ఎప్పుడూ దుప్పటి కప్పుకునే చూశాం.

ఆ దుప్పటి పాలు. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వెళ్ళి టానిన్లను పట్టేస్తుంది, కాబట్టి అవి మన లాలాజలం జోలికి పెద్దగా రావు. చక్కెర చేదు సంగతి చూసుకుంటుంది. మిగిలిన ఖాళీ అల్లం, యాలకులు నింపుతాయి. ఇందులో తప్పేం లేదు, నాకు ఇప్పటికీ ఇష్టమే, మా వైపు బెల్లం దొరుకుతుంది కాబట్టి బెల్లం టీ మరీ ఇష్టం (స్టవ్ ఆపాక కలపండి, మరుగుతుండగా వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది). కానీ పాలటీ ఎంత తాగినా తాగినవాడికి తెలిసేది పాలు, చక్కెర, అల్లం, కాస్త కడక్కుదనం. ఆకు తెలియదు.

అసలు మన టీ ఇలా ఎందుకు తయారైంది అంటే దానికీ ఒక లెక్క ఉంది. టీ మనకేమీ తాతముత్తాతల నాటి పానీయం కాదు. అస్సాం టీ 1839లో లండన్ వేలానికి పోయింది, అంటే అప్పట్లో పండించేదే బయటివాళ్ళ కోసం. 1903లో టీ సెస్ చట్టం తెచ్చి, ఎగుమతుల మీద వసూలు చేసిన డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు, 1930లలో సరుకు అమ్ముడుపోక మిగిలిపోతుంటే ఊరూరా, రైల్వే స్టేషన్లలో, బజార్లలో జనానికి టీ కాచి చూపించి మరీ అలవాటు చేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1930ల మొదట్లో, అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన సీటీసీ యంత్రం తెచ్చాడు. ఆకును నలిపి, చీల్చి, ఉండలు చుట్టే యంత్రం. మన డబ్బాల్లో ఆవాల్లాగా గుండ్రంగా ఉండే పొడి అదే. ఆకు కణాలు పూర్తిగా చితికిపోతాయి కాబట్టి రంగు, బలం నిమిషంలో దిగిపోతాయి, ఎన్ని పాలు పోసినా తట్టుకుంటుంది, చవక. ఇప్పుడు దేశంలో ఏటా తయారయ్యే సుమారు 130 కోట్ల కిలోల టీలో చాలా భాగం సీటీసీయే, ఎక్కువ శాతం మనమే తాగేస్తున్నాం.

ఇక్కడే ఒక అపోహ కూడా తీసేయాలి. టీ అంగళ్ళలో వాడే డస్టు అంటే ఊడ్చిన చెత్త అని చాలామంది నమ్మకం. కాదు, డస్టు అనేది సైజును బట్టి పెట్టిన గ్రేడు పేరు, జల్లెడ పట్టినప్పుడు అన్నింటికంటే సన్నగా దిగేది. అందులోనూ మంచిది ఉంది, నాసిరకం ఉంది. కూనూరు, కొచ్చి వేలాల్లో దానికి ఎప్పుడూ గిరాకీయే. మా టీ అన్న రెండు రకాల డస్టు కలుపుతాడు, ఒకటి రంగుకు, ఒకటి వాసనకు. ఏ పాళ్ళలో అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు.

ఇక నా కథ. స్నేహితుడొకడు సిక్కిం వైపు తిరిగొస్తూ వంద గ్రాముల డార్జిలింగ్ టీ తెచ్చిచ్చాడు, ఫస్ట్ ఫ్లష్, అంటే చలికాలం తర్వాత మార్చి, ఏప్రిల్ నెలల్లో వేసిన మొదటి చిగురు. అమ్మ దాన్ని మామూలుగానే పాలల్లో వేసి, అల్లం దంచి, పొంగించి ఇచ్చింది. చూడటానికి అంట్లు కడిగిన నీళ్ళలా ఉంది. "ఇదేం టీ రా, గడ్డి వాసన" అంది. రెండు చెంచాలు ఎక్కువేసి మళ్ళీ కాచింది, అదే కథ. నేను తెలివిగా పాలు మానేసి ఉత్త నీళ్ళలో పది నిమిషాలు ఉడికించాను, ఈసారి నోరంతా పిందె కొరికినట్టు పట్టేసింది. డబ్బా అటక మీదకు పోయింది. రెండు నెలల తర్వాత ఒక వాన రోజు, కరెంటు లేదు, పాలు విరిగిపోయాయి, వేరే గతిలేక గ్లాసుడు మరిగిన నీళ్ళలో ఒక చెంచా ఆకు వేసి, మూత పెట్టి, మూడు నిమిషాల్లో వడకట్టాను. పూల వాసనలాంటిది, పచ్చి ద్రాక్ష తొక్క లాంటిది ఏదో ముక్కులోకి వచ్చింది. చక్కెర వేయలేదు, కానీ మింగాక గొంతులో తీపి.

టీ పిచ్చి పట్టినవాళ్ళను కదిపితే చాలామంది దగ్గర ఇలాంటి ఒక రోజు కథ ఉంటుంది. "ఇదీ టీయేనా?" అనిపించే రోజు. ముప్పై ఏళ్ళుగా తెలుసు అనుకున్న వస్తువు గురించి మనకేమీ తెలియదని బయటపడిన ఆ ఉలికిపాటు. అది రావాలంటే మంచి ఆకు ఒక్కటే చాలదు, నా అటక మీది డబ్బానే సాక్ష్యం. ఆకు, సమయం, నీళ్ళు మూడూ కలిసి రావాలి. అందుకే చాలామంది మొదటి గ్రీన్ టీ దగ్గరే ఆగిపోతారు. బరువు తగ్గుదామని కొంటారు, సలసల మరిగే నీళ్ళు పోస్తారు, సంచిని గ్లాసులోనే వదిలేస్తారు, కషాయంలా మింగి "ఇది మనకు పడదు" అని తేల్చేస్తారు. గ్రీన్ టీకి 75, 80 డిగ్రీలు చాలు, రెండు నిమిషాలు చాలు. వేడి పెరిగేకొద్దీ చేదు, వగరు తెచ్చే పదార్థాలు మరింతగా దిగుతాయి, కమ్మదనం ఇచ్చే థియనైన్ మాత్రం తక్కువ వేడికే దిగిపోతుంది. థర్మామీటర్ కూడా అక్కర్లేదు, మరిగిన నీళ్ళను ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి నాలుగుసార్లు ఎత్తిపోస్తే వేడి దిగుతుంది, టీ మాస్టర్లు చేసేది అదేగా.

అన్నట్టు గ్రీన్ టీ వేరే చెట్టు కాదు. గ్రీన్, బ్లాక్, ఊలాంగ్, వైట్ అన్నీ ఒకే మొక్క ఆకులు. కోసిన ఆకు గాలి తగిలి నల్లబడటాన్ని, అంటే కోసిన యాపిల్ ముక్క రంగు మారినట్టు జరిగే మార్పును, ఎక్కడ ఆపారు అన్నదే తేడా. కోయగానే వేడిచేసి ఆపేస్తే గ్రీన్, మధ్యలో ఆపితే ఊలాంగ్, పూర్తిగా కానిస్తే బ్లాక్. చైనాలో యునాన్ వాళ్ళు చేసే పు-ఎర్ లాంటివి మరో అడుగు వేస్తాయి, వాటిని సూక్ష్మజీవులు పులియబెడతాయి.

ఆ ఉలికిపాటు తర్వాత మనిషి రెండు రకాలుగా పోతాడు. ఒకరు సామాను కొంటారు. గైవాన్ అనే మూత కప్పు, మట్టి కెటిల్, గ్రాముల త్రాసు, రంగురంగుల డబ్బాలు. నేనూ కొన్నాను, సగం వాడటం లేదు. ఇంకొకరు పోల్చడం మొదలుపెడతారు. నాలుక ఎదిగేది రెండో దారిలోనే. ఒక్కో టీని ఒక్కో రోజు తాగితే నిన్నటిది గుర్తుండదు, బాగుంది, బాలేదు తప్ప మాట రాదు. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి ఇందులో ఒక గుక్క, అందులో ఒక గుక్క తాగితే పసిపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది. టీ పరీక్షించే వృత్తివాళ్ళు చేసేదీ ఇదే, వాళ్ళకు ఐఎస్‌ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది: వంద మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు. అది రుచిగా ఉండటానికి కాదు, అన్ని టీలకూ ఒకే కొలత పెట్టి లోపాలు బయటపెట్టడానికి. ఆ టీని వాళ్ళు చెంచాతో సుర్రుమని శబ్దం వచ్చేలా జుర్రుతారు, గాలితో కలిసి వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు ఎక్కుతుందని. చిన్నప్పుడు అలా జుర్రినందుకు మా నాయన చేతిలో మొట్టికాయలు తిన్నాను.

పోల్చడం మొదలయ్యాక కావాల్సింది మాటలు. పేరు పెట్టలేని రుచి మనసులో నిలవదు. ఇంగ్లీషు డబ్బాల మీద రాసే వర్ణనలు మనకు పనికిరావు, మనం తినని పండ్ల పేర్లు ఉంటాయి వాటిలో. నేను మన మాటలే వాడుకుంటాను: గ్రీన్ టీ పాడైతే పసరు వాసన, ఆకు ఎక్కువ కాలితే మాడు వాసన, పాతబడితే అట్టపెట్టె వాసన. సీటీసీలా చీల్చకుండా ఆకును చుట్టి చేసే మంచి అస్సాం ఆర్థొడాక్స్‌లో తాటిబెల్లం ఛాయ, నీలగిరి ఆకులో నిమ్మతొక్క, మంచి పు-ఎర్‌లో తొలకరి మట్టి. మీకు వేరేలా తోచవచ్చు, తోచాలి కూడా. వంటింట్లో పులుసు నోట్లో వేసుకుని "ఇంగువ తక్కువైంది" అని చెప్పగలిగే మనిషికి ఇదంతా కొత్త విద్యేం కాదు, ఉన్న విద్యను గ్లాసు వైపు తిప్పడమే. మా అమ్మ నాలుగు నెలల్లో నన్ను దాటిపోయింది, ఆమె మాత్రం ఇప్పటికీ పొద్దున ఫిల్టర్ కాఫీయే తాగుతుంది.

ఇప్పుడు నీళ్ళ దగ్గరకొద్దాం. గ్లాసులో 99 శాతం పైగా ఉండేది నీళ్ళే అయినా, మొదలుపెట్టినవాళ్ళు చివరగా పట్టించుకునేది కూడా వాటినే. మా వైపు బోరునీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ. పాలు లేని టీ కాచి కాసేపు వదిలేయండి, పైన మెరిసే తెట్టు కడుతుంది, గ్లాసు అంచుకు మరక పడుతుంది. అది కాల్షియం, గాలి, టీ పాలీఫినాల్స్ కలిసి చేసే పని. బైకార్బొనేటు టీలోని సన్నని పులుపును చంపేస్తుంది, రంగు నల్లబడుతుంది, సువాసన మొద్దుబారుతుంది. నిమ్మకాయ పిండితే టీ రంగు తేలిపోవడం చూశారు కదా, ఇది దానికి తిరగేసిన వ్యవహారం. టీ అన్న గ్లాసులో నాకు కనిపించింది సరిగ్గా ఇదే. కల్యాణి డ్యామ్ నుంచి వచ్చే కుళాయి నీళ్ళు, ఇంటి బోరునీళ్ళు, ప్లాంటు నుంచి తెచ్చే క్యాన్ నీళ్ళు, ఈ మూడింటిలో ఒకే ఆకును కాచి చూశాను. ఒకే డబ్బాలోది అని ముందే తెలియకపోతే నమ్మేవాణ్ణి కాదు. క్యాన్ నీళ్ళలో వాసన బాగా వచ్చింది కానీ టీ పలచగా తేలిపోయింది, మరీ లవణాలన్నీ తీసేసినా ఒళ్ళు ఉండదు దానికి. చివరికి సగం క్యాన్, సగం కుళాయి దగ్గర స్థిరపడ్డాను. కొండ మీద సంగతి ఇంకోరకం, తిరుమల ఎత్తుకు నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరిగిపోతాయి. గ్లాసులో తేడా కనిపెట్టలేకపోయాను, చలిగాలిలో ఏ టీ అయినా బాగుంటుంది.

నిల్వ గురించి ఒక్కమాట. తేయాకు పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది. ఖరీదు పెట్టి కొన్న ఊలాంగ్‌ను అగరుబత్తి కట్టల అలమరలో పెట్టి, వారం తర్వాత గుడి ప్రాంగణంలో కూర్చుని తాగుతున్నట్టు తాగాను. ఇదే గుణాన్ని చైనావాళ్ళు తెలివిగా వాడుకుని, రాత్రంతా మల్లెజాతి పూలతో కలిపి ఉంచి జాస్మిన్ టీ చేస్తారు. గాలి చొరని డబ్బా, చీకటి, పోపుడబ్బాకు దూరం, అంతే.

పిచ్చి ముదిరేటప్పుడు ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, సాయంత్రం ఆరింటికి మూడు రకాలు పోల్చిచూసిన రోజు నేను పన్నెండింటికి పైకప్పు చూస్తూ పడుకున్నాను. నాలుగింటికి టీ అంగడి దగ్గర తేలడానికి అసలు కారణం అదేనేమో. ఇంకోటి, అన్నంతో, టిఫిన్‌తో పాటు టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మన ఇళ్ళలో ఆడవాళ్ళు, తిన్నాక గంట ఆగి తాగడం మంచిది. ఇడ్లీ, టీ జంట విడగొట్టడం కష్టమే, తెలుసు.

అన్నింటికంటే ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. నాలుక పదునెక్కాక కొన్ని సుఖాలు పోతాయి. అంగడి టీ పోలేదు నాకు, అది ఇంకా నచ్చుతోంది, గుడ్డలో డికాషన్ ఎంతసేపు నానిందో ఇప్పుడు గుక్కలో తెలుస్తుంది కాబట్టి. పోయింది చుట్టాల ఇళ్ళ టీ. మొన్న చిత్తూరులో మేనత్త ఇంటికి వెళ్ళాను. పొద్దున కాచింది, మళ్ళీ వేడి చేసింది, పైన మీగడ తెట్టు, లోపల మూడుసార్లు మరిగిన ఆకు. బోరునీళ్ళని మొదటి గుక్కకే తెలిసిపోయింది. అత్త ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది.

"ఎట్లుండాది నాయనా టీ?"

"బాగుంది అత్తా."

"నీకు టీ అంటే ఇష్టమంట గదా, మీ అమ్మ చెప్పింది" అని గిన్నెలో మిగిలిందంతా నా గ్లాసులోకే వంపేసింది.